1950 వరల్డ్‌కప్‌కి మనవాళ్లు బూట్లు లేకే వెళ్లలేదా? తాతయ్యతో పందెం నడుస్తోంది, తెలిసినవాళ్లు చెప్పండి

కాకినాడ కాజా:

2025 నవంబర్‌లో ఢాకాలో మన ఫుట్‌బాల్ టీమ్ బంగ్లాదేశ్ చేతిలో 1-0తో ఓడిపోయిన రాత్రి నుంచి మా ఇంట్లో ఈ గొడవ. 2003 తర్వాత వాళ్ల చేతిలో ఓడటం ఇదే మొదటిసారట. నేను టీవీ ముందు కూర్చుని "మనకెందుకురా ఫుట్‌బాల్, క్రికెట్ చూసుకుంటే పోలా" అన్నాను. పక్కనే ఉన్న మా తాతయ్యకి ఎక్కడో తగిలింది. "ఒరేయ్, నువ్వు పుట్టకముందు ఆసియాలో మనమే ఛాంపియన్లం, ఒలింపిక్స్ సెమీస్ ఆడాం, జపాన్‌ని కొట్టాం, కొరియాని కొట్టాం" అని మొదలెట్టాడు. ఆయన చిన్న వయసులో సికింద్రాబాద్ రైల్వేలో పనిచేశాడు, ఫతే మైదానంలో మ్యాచ్‌లు చూశాడు. నేను నవ్వేశాను, అదే తప్పయింది. రెండు రోజులు మాట్లాడలేదు నాతో.

తర్వాత నేను ఎప్పుడో ఎక్కడో చదివింది గుర్తొచ్చి "1950 వరల్డ్‌కప్‌కి ఛాన్స్ వస్తే బూట్లు లేవని వెళ్లలేదు కదా, అదీ మన లెవెల్" అన్నాను. ఆయన అదంతా పుకారు అంటాడు. పందెం కట్టాం. ఓడితే నెల రోజులు పొద్దున్నే పాలు నేనే తేవాలి. కాబట్టి అడుగుతున్నా: బూట్ల కథ నిజమేనా? అసలు మన రికార్డు ఏంటి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అంత బాగా ఆడినవాళ్లం అయితే ఇలా ఎలా అయ్యాం?

---

బొల్లారం సెంటర్ హాఫ్:

తమ్ముడూ, పాల ప్యాకెట్లకి ఇప్పటి నుంచే అలవాటు పడు.

బూట్ల కథ ఎలా పుట్టిందో చెప్తా. 1948 లండన్ ఒలింపిక్స్. స్వతంత్రం వచ్చి ఏడాది కూడా కాలేదు, మనవాళ్లు ఫ్రాన్స్‌తో ఆడారు, 2-1తో ఓడారు. చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు, అది నిజం. కొందరు మాత్రం బూట్లు వేసుకున్నారు. కెప్టెన్ తాలిమెరెన్ ఆవ్, నాగాలాండ్ మనిషి, డాక్టరు కూడా. సారంగపాణి రామన్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు, చివరి నిమిషాల్లో ఫ్రాన్స్ రెండోది కొట్టింది. దీనికంటే కడుపు మండేది ఇంకోటి ఉంది. ఆ మ్యాచ్‌లో మనకి రెండు పెనాల్టీలు వచ్చాయి, రెండూ పోయాయి. అవి లోపలికి వెళ్లి ఉంటే ఈ థ్రెడ్డే వేరేలా ఉండేది.

ఇక 1950. మన క్వాలిఫైయింగ్ గ్రూప్‌లో బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకున్నాయి. ఒక్క మ్యాచ్ ఆడకుండానే మనకి టికెట్ వచ్చింది. డ్రాలో ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో కలిపి వేశారు. ప్రయాణ ఖర్చులో చాలా వరకు బ్రెజిల్ వాళ్లే పెట్టుకుంటామన్నారు. అయినా మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ వెళ్లలేదు. అప్పుడు వాళ్లు చెప్పిన కారణాలు ప్రాక్టీసుకి టైం చాలదని, జట్టు ఎంపికలో పేచీలని. అసలు సంగతి, ఆ రోజుల్లో మనవాళ్ల దృష్టిలో పెద్ద టోర్నీ అంటే ఒలింపిక్సే, వరల్డ్‌కప్ అంటే అంత పట్టింపు లేదు. దానికోసం అంత దూరం ఓడ ఎక్కి వారాల తరబడి ఎవరు పోతారు అనుకున్నారు. ఆ జట్టుకి కెప్టెన్ కావాల్సిన శైలేన్ మన్నా కూడా తర్వాత అదే చెప్పాడు, బూట్ల మాట కప్పిపుచ్చుకోడానికి పుట్టిందేనని.

బూట్లు నిజంగా దెబ్బకొట్టింది 1952లో, హెల్సింకీలో. యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టింది. 10-1. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది. ఆ దెబ్బతోనే మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. అంటే నువ్వు చదివిన కథలో బూట్లు ఉన్నాయి, సంవత్సరమే తప్పు.

సరే రికార్డు. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్, ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో కొట్టాం, గోల్ మేవాలాల్‌ది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా సొంత గడ్డ మీద వాళ్లని 4-2తో కొట్టాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది, అక్కడ కూడా ముందు గోల్ మనదే, చివరికి 4-1తో ఓడాం. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0 ఓటమి. నాలుగో స్థానం. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మళ్లీ గోల్డ్. 1964 ఆసియా కప్‌లో రన్నరప్. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం, దానికి కెప్టెన్ మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి పతకం లేదు. మీ తాతయ్య ఒక్క అబద్ధం ఆడలేదు.

---

లెక్కల మాస్టారు:

బొల్లారం గారు చెప్పినవన్నీ కరెక్టే, కానీ ఈ "స్వర్ణయుగం" మాట వింటే నాకు ఎప్పుడూ కొంచెం దురదే. అభిమానం పక్కన పెట్టి లెక్క వేద్దాం.

ఒలింపిక్స్ నాలుగు ఆడాం, 1948 నుంచి 1960 దాకా. మొత్తం మ్యాచ్‌లు ఎనిమిది. గెలిచింది ఒకటి. డ్రా ఒకటి. ఓడినవి ఆరు. కొట్టిన గోల్స్ 10, తిన్నవి 27. "ఒలింపిక్స్ సెమీస్" అంటే వినడానికి ఎంతో ఉంది గానీ, 1956లో మొదటి రౌండ్‌లో హంగరీ రాలేదు, మనకి వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు. అంటే ఒక్క మ్యాచ్ గెలిచి సెమీస్‌లో కూర్చున్నాం. 1964 ఆసియా కప్ రన్నరప్ అంటే మొత్తం ఆడిన జట్లే నాలుగు. దానికి క్వాలిఫై అయింది కూడా మిగతావాళ్లు తప్పుకుంటే. అంతకుముందు 1956లో మొదటి ఆసియా కప్‌లో మనం అసలు లేనే లేం.

దీనర్థం ఆ ఆటగాళ్లు గొప్పవాళ్లు కాదని కాదు. ఆసియాలో అప్పటికి సరిగ్గా ఆడే దేశాలు పట్టుమని పది లేవు, వాటిలో మనం ముందు వరసలో ఉన్నాం. యూరప్ వాళ్లతో ఆడినప్పుడు మాత్రం మన స్థాయి వేరు. యుగోస్లావియా 1952లోనూ 1956లోనూ వెండి పతకం కొట్టిన జట్టు, వాళ్ల చేతిలో ఓడటం తప్పేం కాదు, కానీ దాన్ని కూడా మనం "దాదాపు గెలిచాం" అన్నట్టు చెప్పుకుంటాం.

ఇక తర్వాతి కథ. ఆసియా కప్ 1964 తర్వాత నాలుగు సార్లు ఆడాం: 1984, 2011, 2019, 2024 జనవరిలో ఖతార్‌ది. ఈ నాలుగింటిలో కలిపి గెలిచిన మ్యాచ్ ఒక్కటి, 2019లో థాయ్‌లాండ్ మీద 4-1. ఖతార్‌లో మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఫిఫా ర్యాంకు విషయానికొస్తే 1996 ఫిబ్రవరిలో 94, మనకి వచ్చిన అన్నిటికంటే మంచిది అదే. 2015 మార్చిలో 173. మధ్యలో 2017లో, 2023లో వంద లోపలికి వచ్చి వెళ్లాం. ఢాకా ఓటమి తర్వాత మళ్లీ 140 దాటేశాం.

తాతయ్య గెలిచాడు, ఒప్పుకుంటా, కానీ మీ నవ్వుకి కూడా సగం మార్కులు వేయాల్సిందే.

---

బొల్లారం సెంటర్ హాఫ్:

మాస్టారూ, లెక్క తప్పు కాదు గానీ 1962ని మీరు ఒక్క ముక్క కూడా అనకుండా దాటేశారు. దాన్ని దాటేసి ఎవరూ ఈ చర్చ గెలవలేరు :)

జకార్తా. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1. ఆ మ్యాచ్‌లో డిఫెన్స్ మధ్యలో ఆడే స్టాపర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ, కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో హెడ్ చేయలేడు. మామూలు కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెడతాడు. మన కోచ్ రహీం సాబ్ ఆయన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌లో పెట్టాడు! జపాన్‌ని 2-0తో కొట్టాక సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2, అందులో ఒక గోల్ జర్నైల్‌దే. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ అదే దక్షిణ కొరియా. ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని ఆ గేమ్స్‌కి రానివ్వలేదని మన దేశపు అధికారి సోంధీ అభ్యంతరం చెప్పాడని అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. లక్ష మంది దాకా స్టేడియంలో, మన ఆటగాడికి బంతి తగిలితే చాలు గోల. ఆ గోలలో మన వైపు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్లని పాతవాళ్లు చెప్పుకుంటారు. జ్వరం నుంచి తేరుకున్న పీటర్ తంగరాజ్ గోల్‌లో నిలబడ్డాడు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్, తలకి కట్టుతోనే. 2-1.

ఇంత చేసిన కోచ్ అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నాడు. 1963 జూన్‌లో పోయాడు. హైదరాబాద్‌లో బడి పంతులు ఆయన, ఉస్మానియాలో చదివాడు, కాచిగూడ స్కూల్లో, చాదర్‌ఘాట్ స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. 1951 గోల్డ్ ఆయన చేతి మీదే, 1956 నాలుగో స్థానం ఆయన చేతి మీదే, 1962 కూడా. మాస్టారూ, మీ లెక్కల్లో ఇది పెట్టుకోండి: మనకి ఏషియన్ గేమ్స్ గోల్డ్ రెండే, రెండింటికీ కోచ్ ఒక్కడే.

సిటీ పోలీస్ జట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా వాళ్లకి ఫుట్‌బాల్ అంటే మా సొత్తు అని ఉండేది, ఆ పొగరు కొంచెం తగ్గించింది మన ఖాకీ జట్టే. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ పేరుతో 1956-57లో, 1957-58లో వరసగా రెండుసార్లు వచ్చింది, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒకసారి. మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో బలరాం, జుల్ఫికరుద్దీన్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అబ్దుల్ లతీఫ్, తంగరాజ్... మన ఊరివాళ్ల పేర్లు అటెండెన్స్ రిజిస్టర్ చదివినట్టు చదవొచ్చు.

---

లెక్కల మాస్టారు:

1962 ఒప్పుకున్నా, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ చూడండి, మీరు చెప్పిందే నా వాదనకి పనికొస్తోంది. ఒక్క మనిషి పోతే కూలిపోయిందంటే అక్కడ పద్ధతి అంటూ ఏమీ లేదన్నట్టే కదా.

అడిగినాయన మూడో ప్రశ్నకి జవాబు నా దృష్టిలో ఇది. 1962లో మనం 2-0తో కొట్టిన జపాన్ ఆరేళ్లకి, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకుంది. ఈ మధ్యలో వాళ్లు జర్మనీ నుంచి కోచ్‌ని తెచ్చుకున్నారు, 1965లో దేశమంతటికీ ఒక లీగ్ పెట్టుకున్నారు. మనకి నేషనల్ లీగ్ వచ్చింది 1996లో! ముప్పై ఏళ్లు తేడా. ఇంకో విచిత్రం, ప్రపంచమంతా 90 నిమిషాలు ఆడుతుంటే మన దేశంలో చాలా ఏళ్లు మ్యాచ్ అంటే 70 నిమిషాలే. ఇంట్లో 70 నిమిషాలకి అలవాటు పడ్డవాడు బయట చివరి ఇరవై నిమిషాల్లో ఏం చేస్తాడు? కాళ్లు ఈడుస్తాడు.

ఫెడరేషన్ సంగతి చెప్పాలంటే వేరే థ్రెడ్ కావాలి. 2022 ఆగస్టులో ఫిఫా మనల్ని సస్పెండ్ చేసి పది పన్నెండు రోజుల్లో ఎత్తేసింది, అది గుర్తుంటే చాలు.

---

గచ్చిబౌలి గేట్ నంబర్ 3:

నేను 2024లో గచ్చిబౌలిలో సిరియా మ్యాచ్‌కీ వెళ్లా, మలేషియా మ్యాచ్‌కీ వెళ్లా. సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ పెట్టారు కదా, మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. నవంబర్‌లో మలేషియాతో 1-1. మలేషియా మ్యాచ్‌లో మన కీపర్ ముందుకి పరిగెత్తుకొచ్చి బంతి వదిలేస్తే వాళ్లు ఖాళీ గోల్‌లోకి తన్నారు, నా పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ల బుడ్డోడు "అంకుల్, ఆ గోల్ లెక్కేనా?" అని అడిగాడు. లెక్కేరా నాన్నా. ఆ ఏడాది మొత్తం మన టీమ్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, ఒక్కటి కూడా.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి, సునీల్ ఛెత్రీ లేకపోతే ఈ ఇరవై ఏళ్లలో చెప్పుకోడానికి ఏం మిగిలేది? 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద మొదటి మ్యాచ్, మొదటి మ్యాచ్‌లోనే గోల్. మొత్తం 95 గోల్స్, రొనాల్డో, మెస్సీ, ఇరాన్ అలీ దాయీ తర్వాత పేరు ఈయనదే. 2024 జూన్‌లో రిటైరయ్యాడు, గోల్ కొట్టేవాడు లేక మళ్లీ 2025 మార్చిలో నలభై ఏళ్ల వయసులో పిలిపించారు. పుట్టింది సికింద్రాబాద్‌లోనే, నాన్నగారు సైన్యంలో ఈఎంఈలో పనిచేసేవారు. మనోడని చెప్పుకోడానికి నాకైతే అది చాలు, ఎవరైనా వాదించేవాళ్లుంటే రండి.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కొడితే బైక్ ర్యాలీ చేశాం. మూడేళ్లకి ఆ టీమ్ ఢిల్లీకి వెళ్లిపోయింది. జెర్సీ ఇంకా బీరువాలో ఉంది, ఏం చేయాలో తెలియట్లేదు.

---

ఇందూరు వింగర్:

అందరూ మగవాళ్ల టీమ్ గురించే ఏడుస్తున్నారు, ఆడవాళ్ల టీమ్‌ని ఒక్కరూ తలవలేదు. 2025 జులైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ని వాళ్ల ఇంట్లోనే 2-1తో కొట్టి 2026 ఆసియా కప్‌కి క్వాలిఫై అయ్యారు. ఎవరో తప్పుకుంటే వచ్చిన టికెట్ కాదు మాస్టారూ, మైదానంలో ఆడి తెచ్చుకున్నది. రెండు గోల్సూ సంగీతా బాస్‌ఫోర్‌వి. మన టీమ్‌లో ఆడే గుగులోత్ సౌమ్య మా నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. ఇదే ఏడాది మగవాళ్ల టీమ్ 2027 ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో హాంకాంగ్ చేతిలో, గోవాలో సింగపూర్ చేతిలో, ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో ఓడి ఇంట్లో కూర్చుంది. "ఇండియా టీమ్ రికార్డు" అని అడిగితే ఇది కూడా రికార్డే.

---

లెక్కల మాస్టారు:

అమ్మా, చెంప మీద కొట్టినట్టు చెప్పారు. తప్పు ఒప్పుకుంటున్నా.

---

కాకినాడ కాజా:

అందరికీ థాంక్స్. పందెం ఓడిపోయా, రేపటి నుంచి పాలు నావే.

ఇవాళ సాయంత్రం ఈ థ్రెడ్ మొత్తం తాతయ్యకి చదివి వినిపించాను. లెక్కల మాస్టారు రాసిన "ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు" దగ్గర "ఎవడురా వీడు" అన్నాడు (మాస్టారూ సారీ). రహీం సాబ్ పోయిన సంగతి దగ్గర ఏమీ మాట్లాడలేదు. బలరాం పేరు రాగానే మాత్రం లేచి కూర్చున్నాడు. అమ్ముగూడ కుర్రాడు, లెఫ్ట్ వైపు నుంచి వచ్చేవాడు, బంతి కాలికి అతుక్కున్నట్టు ఉండేదని చేతులతో చూపించాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద రెండు గోల్స్ కొట్టింది ఆయనేనట, నిజమేనా? 2023లో పోయాడని నేను చెప్తే ఆయనకి తెలియదు. కాసేపు ఫోన్‌లో ఫోటో చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత ఒక కంప్లైంట్ ఇచ్చాడు. బొల్లారం గారూ, ఇది మీకు: "ఇంత రాసినాయన యూసుఫ్ ఖాన్ పేరు ఎందుకు రాయలేదు" అంట.

---

బొల్లారం సెంటర్ హాఫ్:

రోమ్ గోల్స్ నిజమే, హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి, రెండూ బలరాంవే. రెండు మ్యాచ్‌లూ ఓడాం గానీ హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం తీసుకెళ్లిన జట్టు.

యూసుఫ్ ఖాన్ విషయంలో తప్పు పూర్తిగా నాదే, తాతయ్యగారికి నా తరఫున నమస్కారం చెప్పు. రోమ్ ఆడాడు, జకార్తా గోల్డ్ జట్టులో ఉన్నాడు, డిఫెన్స్‌లో పెట్టినా మధ్యలో పెట్టినా ముందు పెట్టినా ఆడేవాడు, మన పోలీస్ జట్టు మనిషే, 1966లో అర్జున అవార్డు వచ్చింది. అఫ్జల్ పేరు కూడా వదిలేశాను, ఆయనా జకార్తా జట్టులో ఉన్నాడు. తాతయ్యగారు అది కనిపెట్టేలోపు నేనే చెప్పేస్తున్నా.

---

కాకినాడ కాజా:

చెప్పాను. "అఫ్జల్ సంగతి నాకు తెలుసు, ఆయనకి గుర్తొస్తుందా లేదా అని చూశా" అంటున్నాడు.